మంచి చాకు ఎప్పుడు మనదవుతుంది?

కొత్త మడత చాకు పెట్టెలోంచి తీసి మొదటిసారి తెరిచినప్పుడు చాలామంది అనే మాట ఒకటే: "బాగుంది, కానీ బిగుతుగా ఉంది." గోరు పెట్టి లాగితే బ్లేడు ఓ పట్టాన రాదు. వచ్చాక మళ్లీ మూయాలంటే వేళ్లు జాగ్రత్తగా పెట్టుకోవాలి. సంతలో కొన్న చవక చాకు ఇలా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఏరికోరి, ఎక్కువ డబ్బు పోసి తెప్పించుకున్నది ఇలా ఉంటే మాత్రం మనసు ఒప్పుకోదు. మోసపోయామా అనిపిస్తుంది.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల నుంచి రెండు సలహాలు వస్తాయి. "వాడగా వాడగా అదే సర్దుకుంటుంది, వదిలెయ్" అంటారు కొందరు. "అంత డబ్బు పెట్టింది మొదటిరోజే సాఫీగా ఉండొద్దా? తిరిగి పంపించెయ్" అంటారు ఇంకొందరు. రెండూ సగం నిజాలే. మొదటి సలహా గుడ్డిగా వింటే లోపం ఉన్న సరుకును ఏళ్ల తరబడి భరిస్తాం. రెండోది వింటే మంచి సరుకును నాలుగు రోజులు కూడా చూడకుండా వదులుకుంటాం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇది. మంచి చాకు కొన్నరోజే కొయ్యాలి. ఆ విషయంలో గడువు ఇవ్వనక్కర్లేదు. దాని కీలు సాఫీ కావడానికి మాత్రం కొంత వాడకం కావాలి. అక్కడ గడువు ఇవ్వాలి. ఇక ఎన్నేళ్లు మన్నుతుందన్నది కంపెనీ పేరు కంటే మన అలవాట్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూడటం వస్తే, చాకు ఒక్కటే కాదు, డబ్బు పెట్టి కొన్న ఏ పనిముట్టునైనా ఎలా చూసుకోవాలో తెలుస్తుంది.

బిగుతు ఎక్కడి నుంచి వస్తుంది?

మడత చాకులో కదిలే భాగాలు చాలా తక్కువ. బ్లేడు ఉంటుంది. అది తిరగడానికి ఇరుసు ఉంటుంది. తెరిచినచోట, మూసినచోట దాన్ని నిలబెట్టడానికి స్ప్రింగో, లాకో ఉంటుంది. అంతే. భాగాలు తక్కువ కాబట్టే ఏ చిన్న రాపిడి ఉన్నా వెంటనే చేతికి తెలిసిపోతుంది. కొత్త చాకు బిగుతుగా ఉందంటే దానికి ఐదు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

మొదటిది స్ప్రింగు బలం. స్విట్జర్లాండులోని ఇబాఖ్‌లో 1884లో కార్ల్ ఎల్సెనర్ అనే పనివాడు చాకుల కార్ఖానా పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి మొదటిసారి చాకులు అందించాడు. ఆ కార్ఖానాయే ఇప్పటి విక్టోరినాక్స్. ఈ కంపెనీ ఎర్రపిడి చిన్న చాకులు చాలావాటిలో లాకు ఉండదు. పిడి వీపున ఉన్న ఉక్కు స్ప్రింగే బ్లేడు మొదలును నొక్కి పట్టుకుంటుంది. బ్లేడు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 ఉంటే, స్ప్రింగుది 49. బ్లేడు పదును నిలుపుకోవాలి కాబట్టి దానికి గట్టిదనం ఎక్కువ. స్ప్రింగు వంగాలి గానీ విరగకూడదు కాబట్టి దానికి తక్కువ. ఈ స్ప్రింగు బలం వాడకంతో తగ్గిపోవాలని ఎవరూ కోరుకోకూడదు. లాకు లేని చాకులో బ్లేడు వేళ్లమీదికి మూసుకోకుండా ఆపేది అదొక్కటే.

రెండోది లోహం మీది గరుకు. సానబట్టి, మెరుగుపెట్టిన భాగాల మీద కూడా కంటికి కనపడని గీతలు, మిట్టలు మిగిలిపోతాయి. బ్లేడు మొదలు స్ప్రింగుతోనో, పక్కనున్న వాషర్లతోనో రాసుకున్నకొద్దీ ఆ మిట్టలు అరిగి నునుపవుతాయి. ఖరీదైన చాకుల్లో ఇరుసుకు రెండువైపులా ఫాస్ఫర్ కంచు వాషర్లు వేస్తారు. మొదట్లో కాస్త పట్టుపట్టినట్టు ఉండి, వాడకంతో అద్దంలా నునుపెక్కేవి ఇవే. చిన్న చిన్న గుండ్ల మీద తిరిగే బేరింగు చాకులు మాత్రం మొదటిరోజు నుంచే తేలిగ్గా తెరుచుకుంటాయి. వాటిలో వాడకంతో వచ్చే మార్పు కొద్దిగానే ఉంటుంది. కాకపోతే దుమ్ము చేరిందంటే ముందు మొరాయించేవీ అవే.

మూడోది మురికి. ఫ్యాక్టరీలో మెరుగుపెట్టేటప్పుడు వాడిన ముద్ద, సన్నని లోహపు పొడి కీలులో ఉండిపోతాయి. కొత్త చాకు తెరిచేటప్పుడు ఇసుక నలిగినట్టు వినిపించే చప్పుడు చాలాసార్లు వీటిదే. ఇది వాడకంతో పోనక్కర్లేదు, కడిగితే పోతుంది.

నాలుగోది చెక్క ఉబ్బడం. చెక్క పిడి చాకులకు మాత్రమే వచ్చే సమస్య ఇది. దీని సంగతి విడిగా చెప్పుకుందాం.

ఐదోది అసలైన లోపం. ఇరుసు వంకరగా దిగడం, బ్లేడు ఒక పక్కకు ఒరిగి పిడి లోపలి గోడను రాసుకోవడం, లాకు సరిగ్గా ఆనకపోవడం లాంటివి. ఎన్నాళ్లు వాడినా ఇవి బాగుపడవు.

"వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్న మాట రెండో కారణానికే పూర్తిగా వర్తిస్తుంది. మిగిలిన నాలుగింటికీ ఆ మాట చెప్పడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

కొన్నరోజే చేయాల్సిన పరీక్ష

చాకు చేతికి రాగానే పగటి వెలుతురులో కూర్చోండి. ముందు చాకు మూసి ఉండగా పైనుంచి చూడండి. బ్లేడు రెండు గోడల మధ్య ఇంచుమించు నడుమ ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉంటే ఫర్వాలేదు, గోడకు తగలకూడదు.

తర్వాత నెమ్మదిగా తెరవండి. బిగుతు ఎంతుందన్నది కాదు, మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా లేదా అన్నది చూడండి. స్ప్రింగు చాకులో మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ కదిలి, చివర్లో టక్కున నిలబడటం మామూలే; అది దాని నిర్మాణం. ఒకేచోట ప్రతిసారీ గీరుకున్నట్టు తగులుతుంటే గుర్తుపెట్టుకోండి.

మూడో పని: బ్లేడు పూర్తిగా తెరిచి, పిడిని ఒక చేత్తో, బ్లేడు వీపును రెండో చేతి వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. మెకానిక్కులు బండి చక్రం ఆడుతోందంటారే, అలా బ్లేడు ఆడకూడదు. తర్వాత, లాకు ఉన్న చాకైతే, మూసుకునే దారిలో వేళ్లు లేకుండా చూసుకుని, బ్లేడు వీపు మీద మెల్లగా ఒత్తండి. లాకు జారకూడదు. లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలుకు ఆనుకునే రకం లాకైతే, కొత్తలో ఆ రేకు బ్లేడు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా ఆనుకుని ఉంటే మంచిది. వాడకంతో అది కొద్దికొద్దిగా అవతలి పక్కకు జరుగుతుంది. అవతలి గోడను తాకే దాకా వచ్చిందంటే లాకు అరిగిపోయినట్టు లెక్క.

చివరగా ఒక దినపత్రిక కాగితాన్ని గాల్లో పట్టుకుని, అంచు నుంచి కిందికి కోయండి. చిరగకుండా, తట్టుకోకుండా తెగాలి. బ్లేడు మొదలు నుంచి మొన దాకా ఇలా చూడండి.

బ్లేడు ఆడినా, లాకు జారినా, బ్లేడు గోడను కొరుకుతున్నా ఆ రోజే తిరిగి పంపండి. బిగుతు ఒక్కటే ఇబ్బందైతే ఆగండి. కొత్త చెప్పు రెండు మూడు రోజులు కరుస్తుంది, నెల దాటినా కరుస్తుంటే అది మన కాలిది కాదు. చాకు విషయంలోనూ రెండు వారాల గడువు చాలు. ఆ రెండు వారాల్లో చూడాల్సింది ఒక్కటే: మొదటిరోజుకూ ఇవాళ్టికీ తేడా కనపడుతోందా? తేడా ఉంటే కీలు కుదురుకుంటోంది. స్ప్రింగు బలం, తేమకు చెక్క ఉబ్బడం సంగతి వేరు; అవి కాకుండా ఏ మార్పూ లేకపోయినా, బిగుతు ఇంకా పెరుగుతున్నా అది లోపం. వారంటీ గడువు దాటకముందే మాట్లాడండి.

కీలును దారిలో పెట్టడం

ఈ పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఇక్కడ చెప్పేది లోహం, ప్లాస్టిక్ పిడి ఉన్న చాకులకు. చెక్క పిడి చాకును నీళ్లలో ముంచకండి.

గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేయండి. చాకును తెరిచి అందులో ముంచి, నీళ్ల లోపలే మెల్లగా కొన్నిసార్లు తెరిచి మూయండి. పాత టూత్‌బ్రష్‌తో కీలు చుట్టూ, స్ప్రింగు సందుల్లో తోమండి. నీళ్లు బూడిద రంగుకు తిరిగితే ఆశ్చర్యపోకండి, ఫ్యాక్టరీ మురికి అది. శుభ్రమైన నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి ఫ్యాన్ కింద బాగా ఆరనివ్వండి. కీలులో తడి మిగిలితే ఇంత కష్టమూ తుప్పు పాలవుతుంది.

ఆరాక నూనె. ఇక్కడే మన ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. కొబ్బరినూనె, వేరుశనగనూనె కీలులో వేయకూడదు. వంటనూనెలు గాలి తగిలి జిగురెక్కి, దుమ్మును పట్టుకుంటాయి. కొబ్బరినూనె అయితే చలికాలంలో గడ్డకడుతుంది కూడా. కుట్టుమిషన్ నూనె మంచిది. పండ్లు, కూరలు కోసే చాకైతే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఇంకా మంచిది. అది తిండి వస్తువులకు తగిలినా భయం లేదు, జిగురెక్కదు. అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క తీసి, ఇరుసు దగ్గర బ్లేడుకూ గోడకూ మధ్య వదలండి. రెండోవైపు ఇంకో చుక్క. స్ప్రింగు, బ్లేడు మొదలు రాసుకునే చోట మరొకటి. అంతకంటే ఎక్కువ వేస్తే జేబులోని నూలుపోగులన్నీ అక్కడే చేరతాయి.

ఇప్పుడు కూర్చుని తెరుస్తూ మూస్తూ ఉండండి. వేగం వద్దు, మణికట్టుతో విదిలించడం అసలే వద్దు. కాసేపటికి కీలు అంచున నల్లటి నూనె బయటికి వస్తుంది. రాసుకున్న లోహపు పొడి అందులో కలిసి ఉంటుంది. దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేసి, మళ్లీ ఒక చుక్క వేసి కొనసాగించండి. నూనె నల్లబడకుండా శుభ్రంగా బయటికి వచ్చేసరికి చేతికే తేడా తెలుస్తుంది. మిగిలిన నునుపు రోజువారీ వాడకంలో వస్తుంది.

కొందరు తొందరపడి కీలులో టూత్‌పేస్టు, సానపొడి వేసి తిప్పుతారు. అలా చేయకండి. అది మిట్టల్ని మాత్రమే అరగదీసి ఊరుకోదు. ఇరుసు రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. అక్కడి నుంచి బ్లేడు ఆడటం మొదలవుతుంది, దాన్ని మళ్లీ బిగించడం ఎవరి తరమూ కాదు. ఇరుసు స్క్రూతో బిగించి ఉంటే బిగుతు తగ్గించడానికి దాన్ని ఒక్కసారిగా వదులు చేయవద్దు. తలలో నక్షత్రం గుర్తు ఉండే ఆ స్క్రూకు సరిపోయే టార్క్స్ బిట్ పెట్టి, గడియారంలో ఐదు నిమిషాల దూరమంత మాత్రమే తిప్పి, బ్లేడు ఆడుతోందేమో చూసుకుంటూ వెళ్లాలి. విప్పితే వారంటీ పోతుందని కాగితం మీద రాసి ఉందేమో ముందే చదవండి.

చెక్క పిడి, వానాకాలం

ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు 1890లో ఒక చాకు తయారుచేశాడు. గుండ్రటి చెక్క పిడి, సన్నని బ్లేడు, ఒక ఇరుసు. రైతులు రొట్టె, జున్ను కోసుకోవడానికి, కొమ్మలు నరుక్కోవడానికి వాడుకునే చాకు అది. సైజులకు అంకెలు పెట్టారు. ఎక్కువమంది వాడే 8వ నంబరుకు బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. 1955లో దీనికి మెడ దగ్గర తిరిగే ఉక్కు రింగు చేరింది. రింగు తిప్పితే తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆగుతుంది. ఆ చాకు ఇప్పటికీ దాదాపు అదే రూపంలో తయారవుతోంది.

దీని పిడి ఎక్కువగా బీచ్ చెట్టు చెక్క. ఆ చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బితే బ్లేడు గాడిలో ఇరుక్కుపోతుంది. సవోయ్ వాళ్లు దీనికి లోపమని పేరు పెట్టలేదు, ఒక చిట్కా కనిపెట్టారు. రింగు తెరిచే స్థానంలో ఉంచి, మూసిన చాకు పిడి వెనక కొసను బల్ల మీద తట్టుతారు. ఆ అదురుకు బ్లేడు గాడిలోంచి కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు వేళ్లతో పట్టుకుని తెరుస్తారు. గోళ్లు విరగ్గొట్టుకోవడం ఉండదు.

మన దగ్గర ఇలాంటి చాకు కొనేవాళ్లు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో సాఫీగా తెరుచుకున్న చాకు ఆగస్టులో, గోదావరి జిల్లాల్లోనో కాకినాడ, విశాఖ లాంటి సముద్రతీరంలోనో మొరాయిస్తుంది. వానాకాలంలో కొన్న చాకు బిగుతుగా ఉందని వెంటనే గాడిని గరుకు కాగితంతో అరగదీస్తే, ఎండలు ముదిరాక చెక్క కుంచించుకుని బ్లేడు వదులైపోతుంది. అందుకని ఒక పొడి కాలం గడిచేదాకా చెక్కను ముట్టుకోకండి. కీలు దగ్గర లిక్విడ్ పారాఫిన్ చుక్క వేయండి, గాడి లోపలి అంచులకు కొవ్వొత్తి మైనం రుద్దండి. నడివేసవిలో కూడా బిగుతుగానే ఉంటే అప్పుడు సన్నరకం గరుకు కాగితం మడిచి, గాడి లోపల రెండు మూడుసార్లు లాగితే సరిపోతుంది.

పదును విషయంలో గడువు లేదు

కొత్త చాకు కాగితం కోయకపోతే "ఇంకా అలవాటు పడలేదు" అనడంలో అర్థం లేదు. వాడకంతో పదును తగ్గుతుందే గానీ పెరగదు. అయితే ఇక్కడ ఒక చిన్న సూక్ష్మం ఉంది. ఫ్యాక్టరీల్లో చాలా బ్లేడులకు వేగంగా తిరిగే బెల్టు మీద పదును పెడతారు. ఆ వేడికి అంచున వెంట్రుకంత మేర ఉక్కు కొంచెం బలహీనపడే వీలుంది. అంచుకు ఒకవైపు సన్నని లోహపు ముడత కూడా మిగిలిపోతుంటుంది. అందుకే కొన్ని మంచి చాకులు తొందరగా మొద్దుబారి, ఇంట్లో రెండు మూడుసార్లు రాయి మీద నూరిన తర్వాత పదును ఎక్కువ రోజులు నిలుపుతాయి. బలహీనమైన అంచు పోయి, లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది.

నూరడం నేర్చుకోవడం కష్టమేమీ కాదు. 1000 నంబరు సానరాయి ఒకటి కొనండి. నీళ్లతో తడపండి. బ్లేడును రాయికి నిటారుగా నిలబెడితే 90 డిగ్రీలు. అందులో సగానికి వంచితే 45. మళ్లీ సగానికి వంచితే 22 దాటి ఉంటుంది. జేబు చాకుకు ఆ దరిదాపుల్లోనే, ఒక్కో వైపు 20 డిగ్రీలు, సరైన వాలు. ఆ వాలు చెదరకుండా, రాయి మీంచి పలుచటి పొర చెక్కుతున్నట్టు మొదలు నుంచి మొన దాకా లాగండి. రెండోవైపు అంచు మీద వేలిని అడ్డంగా, అంచు నుంచి బయటికి జరిపితే సన్నని గరుకు తగలాలి. తగిలిందంటే ఇటువైపు పని అయినట్టే. చాకు తిప్పి అదే పని రెండోవైపు చేయండి. చివర్లో ఒత్తిడి తగ్గించి, ఒక్కోవైపు ఒక్కోసారి మార్చి మార్చి లాగండి. పాత తోలు బెల్టు లోపలి వైపు నాలుగుసార్లు, అంచు వెనక్కి ఉండేలా రుద్దితే ఆ గరుకు కూడా పోతుంది.

వీధిలో తిరిగే పొడి సానచక్రానికి మంచి చాకును ఇవ్వకండి. నిప్పురవ్వలు రాలుతుంటే పదునెక్కుతోందని మనం సంబరపడతాం. కానీ చాకు ఉక్కులు చాలావాటికి పెళుసుదనం తగ్గించే చివరి కాపు 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉంటుంది. సన్నటి అంచు చక్రం మీద క్షణాల్లో అది దాటిపోతుంది. అంచు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే. పైగా చేతి రాయి ఏళ్లలో తీసేంత లోహాన్ని ఆ చక్రం ఒక్క విడతలో తీసేస్తుంది.

చాకులు ఎలా పాడవుతాయి?

అమెరికాలో బక్ కంపెనీ 1964 నుంచి 110 నంబరు మడత చాకు తయారుచేస్తోంది. ఇత్తడి కొసలు, చెక్క పిడి, వీపున గట్టి లాకు. బరువైన చాకే, అయినా వేటగాళ్లు, కూలిపని చేసుకునేవాళ్లు దాన్ని దశాబ్దాలు వాడారు. బక్, విక్టోరినాక్స్ లాంటి కంపెనీలు తయారీ లోపాలకు జీవితకాలపు హామీ ఇస్తాయి. ఆ హామీలు చదివితే ఒక మాట స్పష్టంగా ఉంటుంది: మామూలు అరుగుదలకు, తప్పుగా వాడినందుకు హామీ లేదు. అంటే, లోపం లేకుండా చేయడం కంపెనీ వంతు, పాడుచేయకుండా చూసుకోవడం మన వంతు.

మంచి చాకులు అరిగిపోయి పోవడం చాలా అరుదు. అవి పోయేది ఎక్కువగా నాలుగు దారుల్లో. డబ్బా మూత పైకి లేపబోతే మొన విరుగుతుంది. చాకు కోయడానికే గానీ పొడిచి పైకి లేపడానికి కాదు. గట్టి గుమ్మడికాయలోనో, కొయ్యలోనో దిగబడ్డ బ్లేడును పక్కకు మెలిపెడితే ఇరుసు వదులవుతుంది. సానచక్రం బ్లేడును తినేస్తుంది. నాలుగోది తుప్పు, మన వాతావరణంలో అన్నింటికంటే పెద్ద శత్రువు.

తుప్పు గురించి ఉక్కు రకాన్ని బట్టి జాగ్రత్త పడాలి. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. తుప్పు తక్కువ పడుతుందే గానీ అసలు పట్టదని కాదు. ఉప్పుగాలికీ, ఊరగాయ మరకకూ అదీ లొంగుతుంది. కార్బన్ స్టీలు తేలిగ్గా పదునెక్కుతుంది, కానీ తడి తగిలితే ఊరుకోదు. కార్బన్ స్టీలు చాకుతో మామిడికాయ కోస్తే కాసేపటికి బ్లేడు మీద బూడిద, నీలి రంగు మరకలు వస్తాయి. వాటిని చూసి కంగారుపడి తోమేయకండి. ఆ పొర కింది ఉక్కుకు కొంత రక్షణ ఇస్తుంది. ఎర్రగా, పొడిగా రాలేది మాత్రం తుప్పు, దాన్ని వెంటనే తీసేయాలి. ఏ ఉక్కైనా కోత అవగానే కడిగి తుడిచి ఆరబెట్టడం, వానాకాలంలో బ్లేడుకు పలుచగా నూనె పూయడం చాలు. తోలు ఒరలో నెలల తరబడి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాన్ని ఊనడానికి వాడిన రసాయనాలు ఇత్తడికి చిలుము, ఉక్కుకు తుప్పు తెస్తాయి.

కోసే చోటు కూడా చూసుకోండి. స్టీలు పళ్లెం మీద, గాజు మీద, గ్రానైటు గట్టు మీద కోస్తే ఎంత మంచి పదునైనా ఒక్క పూటలో పోతుంది. చెక్కపలక మీద కోయండి.

ఇంకో మాట. మన దేశంలో 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడులు, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి తప్ప, ఆయుధాల కిందికి వస్తాయి. మామూలు జేబు చాకు ఆ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. అయినా సభలు, కోర్టులు, మెట్రో స్టేషన్లలోకి తీసుకువెళ్లకండి. విమానంలో చేతిసంచిలో అసలు పెట్టకూడదు. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ లాకు లేని, 3 అంగుళాలకు మించని మడత చాకును తప్ప, మరే చాకునైనా తగిన కారణం లేకుండా బయట దగ్గర ఉంచుకోవడం నేరం.

చాకు నేర్పేది

మనం పనిముట్లతోనే కాదు, ఉద్యోగంతో, కొత్త ఊరితో, కొత్త బాధ్యతతో కూడా ఈ రెండు పొరపాట్లే చేస్తాం. మొదటి వారం ఇబ్బంది చూసి మంచిదాన్ని వదిలేస్తాం. లేదా బాగుపడే సూచన ఏదీ లేకున్నా "అదే సర్దుకుంటుంది" అంటూ ఏళ్లు గడిపేస్తాం. రెండింటికీ మందు ఒకటే. ఏది మొదటిరోజు నుంచే ఉండాలో, ఏది వాడకంతో రావాలో ముందే తేల్చుకోవడం. జీతం సమయానికి రావడం, మర్యాదగా మాట్లాడటం మొదటిరోజు నుంచే ఉండాలి. పనిలో చేయి తిరగడం, మనుషులతో చనువు మెల్లగా వస్తాయి. రెండో రకానికి గడువు పెట్టండి. గడువు చివర ఇంకా ఇబ్బంది ఉందా అని కాదు, మొదటిరోజుకూ ఇవాళ్టికీ తేడా ఉందా అని అడగండి. తేడా ఉంటే ఓపిక పట్టండి. లేకపోతే గట్టిగా మాట్లాడండి. ఓపికకు విలువ వచ్చేది దానికో లెక్క ఉన్నప్పుడే.

ఆచరణ

ఈ వారం చేయాల్సినవి ఇవి. ఇంట్లో ఉన్న మడత చాకును తీసి, పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి. కొత్తదైతే కడిగి, నూనె వేసి, చిన్న పుస్తకంలో తేదీ రాసుకుని రెండు వారాలు వాడండి. పాతదైతే కీలులోని దుమ్ము, జిగురెక్కిన నూనె తీసి మళ్లీ నూనె వేయండి. 1000 నంబరు రాయి ఒకటి తెచ్చుకోండి. మొదటి పాఠం మంచి చాకు మీద వద్దు, వంటింట్లో ఏ విలువా లేని పాత కత్తి మీద చేతిని తీర్చుకోండి. నెలకోసారి, ఏ ఆదివారమో పది నిమిషాలు చాకుకు కేటాయించండి: తుడవడం, ఒక చుక్క నూనె, రాయి మీద నాలుగు లాగుళ్లు. పిల్లలకు అందని చోట మూసి పెట్టండి.

మంచి చాకు కొనడానికి డబ్బు చాలు. దాన్ని మీ పిల్లల చేతిలో పెట్టేదాకా నిలబెట్టడానికి నెలకు ఆ పది నిమిషాలు కావాలి. ఆ అలవాటు ఈ ఆదివారమే మొదలుపెట్టండి.